వళి, జట: ఒక వైద్యపదము వెనుక కథ

బీజాపూరునుండి బాసగూడకు పోవు బాటలో ఆవపల్లి యను గ్రామము కలదు. ఒకప్పుడు విశాలమైన బస్తరు జిల్లాలోనిది. 2007లో దంతెవాడ నుండి వేరుపడి యేర్పడిన బీజాపూరు జిల్లాలో నేడున్నది. ఊరిపేరు చివరనున్న ‘పల్లి’ యను మాటయే తెలుగువానిని ఆప్యాయముగా పలుకరించును. ఈ సీమకును మనకును గల బంధుత్వము నిన్న నేటిది కాదు. 11వ శతాబ్దినాటి తెలుగు శాసనము బారసూరున లభించినది. ఓరుగంటి పతనమునకు పిమ్మట కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఇచట రాజ్యము నెలకొల్పెనని బస్తరు రాజవంశ సంప్రదాయము. దక్షిణ బస్తరునందలి దోర్లల పలుకులో గోండీతోపాటు తెలుగుమాటలును కలగలసి వినవచ్చును.

కొన్ని యేండ్ల క్రిందట ఒక వైద్యశిబిరము వెంట నేను ఆవపల్లికి పోవలసివచ్చినది. నేను వైద్యుడను కాను. మందుల లెక్కలు వ్రాయుటకై పోయినవాడను. సంతనాడు చర్లవైపునుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబమునకు చెందిన ఒక ముదుసలి తన మనుమరాలిని తీసికొనివచ్చినది. పిల్లకు ఎనిమిదేండ్లుండవచ్చును. దీర్ఘజ్వరముతో రెండు నెలలు మంచము పట్టి లేచినది. తలలో ఎడమవైపు వెండ్రుకలు పిడికెడు లావున, త్రాడువలె పేనుకొని గట్టిపడియున్నవి. అవ్వ వచ్చినది పిల్ల దగ్గుకు మందుకొరకే కాని జడకొరకు కాదు. వైద్యుడు దానిని చూచి చేయి చాపగా, ఆమె పిల్లను వెనుకకు లాగుకొని, “దాని జోలికి పోవద్దయ్యా, కోస్తే కీడు” అనినది.

వైద్యుడు మారుమాటాడక చీటిలో ‘ప్లైకా’ అని వ్రాసి దగ్గుమందు ఇచ్చెను. నాడు రాత్రి బసలో ఆ మాట కర్థమేమని అడిగితిని. ఆయన నవ్వి, “మడత అని అర్థము. నీ కంటిలోను, గొంతులోను, ప్రేగులలోను ఉన్నది. ఆ పిల్ల తలలో నున్నదియు అదే పేరు గలది” అనెను. ప్రేగులోని మడతకును తలలోని చిక్కుకును ఒకే పేరేమి? ఈ ప్రశ్న నన్ను విడువలేదు. అప్పటినుండి నాకు దొరకిన పుస్తకములనుండియు, వైద్యమిత్రుల నోటినుండియు సేకరించిన విషయములను సభ్యుల ముందుంచుచున్నాను.

లాటిను భాషలో ‘ప్లికారె’ యనగా మడచుట. దానినుండి పుట్టినదే ప్లైకా. మన కార్యాలయములలో దినమునకు పదిమారులు వినవచ్చు ‘డూప్లికేటు’ ఈ కుదురునకు చెందినదే. రెండుగా మడచినదని దాని మూలార్థము. రోగికి జబ్బు ముదిరినప్పుడు మనము భయముతో వినెడి ‘కాంప్లికేషన్’ అను మాటయు ఇదియే. ఒకదానితో నొకటి మడతపడి పెనవేసికొనినదని భావము. మన తెలుగున ‘చిక్కు’ అను మాట చూడుడు. తలలో పడినదియు చిక్కే, సంసారములో వచ్చినదియు చిక్కే. వలలో పడినవాడును చిక్కినవాడే. దూరదేశముల వారి ఊహయు మన ఊహయు ఒకే త్రోవను నడచినవి.

శరీరశాస్త్రములో ప్లైకా యనబడు మడతలు పెక్కు గలవు. అద్దము ముందు నిలిచి కంటి లోపలి కొనను, ముక్కు ప్రక్కన, పరిశీలింపుడు. ఎఱ్ఱని చిన్న కండ కనిపించును. దాని ప్రక్కనే నెలవంక వంటి పలుచని మడత యుండును. పక్షులకును, పాములు తప్ప పెక్కు సరీసృపములకును కంటికి అడ్డముగా జరుగు మూడవ రెప్ప యున్నది. పిల్లి నిద్రమత్తులో నున్నప్పుడు తెల్లని పొర యొకటి కంటిమీదికి వచ్చుట అందరము చూచినదే. మనకు ఆ రెప్ప పోయి దాని గుర్తుగా ఈ మడత మిగిలినది. 1871లో వెలువడిన మానవావతరణ గ్రంథమున డార్విను దీనిని ప్రస్తావించెను.

చిన్నప్రేగు లోపల వలయములవలె మడతలుండును. డచ్చి శరీరశాస్త్రజ్ఞుడు కెర్క్‌రింగు 1670లో వీనిని వర్ణించుటచే నేటికిని ఆయన పేరు వీనికి కలదు. కడుపు నిండినపుడు జీర్ణకోశపు మడతలు సాగి చదునగును గాని, ఈ ప్రేగు మడతలు ఎంత సాగదీసినను పోవు. తిన్న అన్నపు సారమును పీల్చుటకు వలసిన వైశాల్యమును పెంచుటయే వీని పని. జీర్ణమార్గపు లోపలి వైశాల్యము టెన్నిసు ఆటస్థలమంత యుండునని పాఠ్యగ్రంథములు చెప్పుచుండెడివి. 2014లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు తిరిగి కొలిచి, సుమారు 32 చదరపు మీటర్లని తేల్చిరి. అదియును చిన్నది కాదు. ఒక గుమాస్తా క్వార్టరులోని రెండు గదులంత చోటు, మడతల చలువచే, మన పొట్టలో ఇమిడియున్నది.

గొంతులోని మడతల కథ మరియొక విధము. 1741లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫెరైను వీనిని వాయులీనపు తీగలతో పోల్చి ‘స్వరతంత్రులు’ అని పేరు పెట్టెను. ఆ పేరు లోకమున పాతుకొనిపోయినది. మనమును నేటికి అట్లే అందుము. కాని అచట రెండు తీగలు బిగింపబడి లేవు. లోపల కండరమును, స్నాయువును గల రెండు మృదువైన మడతలున్నవి. ఊపిరి వానిని కదలించుచు పోవునపుడు స్వరము పుట్టును. అందుకే శాస్త్రజ్ఞుల పట్టికలో వానిపేరు తంత్రి కాదు, స్వరపు ప్లైకా. ఒక అందమైన పోలిక వస్తుస్వరూపమునే మరుగుపరచగలదని దీనివలన తెలియుచున్నది. ఇక మోకాలి కీలులోను ఇట్టి మడతలే గలవు. పిండదశలో కీలును గదులుగా విభజించిన పొరల శేషములవి. పెక్కుమందికి వానివలన బాధ యుండదు. దెబ్బతిని వాచినప్పుడు మాత్రము మోకాలిని కలుక్కుమనిపించును.

ఇన్నిటికి ఒకే పేరెట్లు స్థిరపడినది? 19వ శతాబ్ది చివరకు శరీరభాగములకు సుమారు 50,000 పేర్లు చెలామణిలో నుండెను. దేశమునకొక పేరు, ఆచార్యునికొక పేరు. 1895లో స్విట్జర్లాండునందలి బాజెలు నగరమున శాస్త్రజ్ఞులు కూడి వానిని వడపోసి సుమారు 5,000 పేర్లను నిలిపిరి. 1955లో పారిసునందును, తిరిగి 1998లోను ఆ పట్టిక సవరింపబడినది. పేర్లను సరిచూచుకొనుట అనావశ్యకమైన పాండిత్యము కాదనియు, రోగి శరీరముపై కత్తి పెట్టువానికి అది ప్రాణావసరమనియు వారు గ్రహించిరి.

మన పూర్వులును ఈ శ్రమకు వెనుదీయలేదు. లాటిను ప్లైకాకు సరియగు మాట మనకు సిద్ధముగానే యున్నది: అది ‘వళి’. పొట్టమీది మూడు ముడతలను మన కావ్యములు త్రివళియని వర్ణించినవి. ఆ పదమునే సుశ్రుతుడు వైద్యమునకు తెచ్చెను. మలద్వార మార్గమున ప్రవాహణి, విసర్జని, సంవరణి యను మూడు వళులు కలవని ఆయన చెప్పి, మూలవ్యాధి పుట్టుచోటులుగా వానిని నిర్దేశించెను. లోనిది త్రోయును, నడిమిది విడుచును, చివరిది మూయును అని పేర్లలోనే వాని పని తెలియునట్లు కూర్చెను. 1830లో డబ్లిను నగరపు వైద్యుడు హూస్టను ఆ మార్గమున అడ్డముగా నున్న మడతలను వర్ణించెను. సాధారణముగా అవియును మూడే. ఈ మూడును ఆ మూడును ముమ్మూర్తుల ఒకటేయని వాదించుట నా ఉద్దేశము కాదు. మడతకు పేరు పెట్టునపుడు దాని పనినిబట్టి పెట్టవలెనను వివేకము మన వైద్యమున నుండెనని చూపుటయే నా తాత్పర్యము.

ఇక తలలోని ప్లైకాకు వత్తము. దీనికి పూర్తిపేరు ‘ప్లైకా పోలోనికా’, అనగా పోలండు దేశపు మడత. 1599లో ఆ దేశమందలి జమోశ్చ్ విద్యాపీఠాధిపతి స్టార్నిగెలు ఇటలీలోని పాదువా వైద్యాచార్యులకు ఒక లేఖ వ్రాసెను. మా దేశమున జనుల వెండ్రుకలు పేనుకొని గట్టిపడుచున్నవి. దానితోపాటు అనేక బాధలు కలుగుచున్నవి. ఇది యేమి రోగము, దీనికి మందేమి, అని అందలి సారాంశము. మరుసటి యేడే, 1600లో, పాదువా ఆచార్యుడు సస్సోనియా ఈ విషయమై ఒక గ్రంథమునే ప్రకటించెను. పండితుని గ్రంథము వెలువడినంతనే పల్లెటూరి తలచిక్కు ఒక మహావ్యాధియై కూర్చున్నది. తరువాత రెండున్నర శతాబ్దుల పాటు యూరపు వైద్యులు దీనికి కారణములు వెదకిరి. నీటిదోషమనిరి, తాతారుల దండయాత్రలతో వచ్చినదనిరి, రక్తదోషమనిరి.

జనుల నమ్మకము వేరు. ఒంటిలోని చెడు యావత్తు వెండ్రుకల వెంట బయటికి వచ్చి జడకట్టుననియు, దానిని కత్తిరించినచో ఆ చెడు తిరిగి లోనికి పోయి గ్రుడ్డితనమో, పిచ్చియో, మరణమో కలుగుననియు వారి భయము. కావున టోపీక్రింద దాచి, కొవ్వురాచి, పెంచెడివారు. జర్మనులు దానిని విస్తులానది జడయని పిలిచిరి. ఇంగ్లండున అది కొంటె దయ్యములు రాత్రివేళ అల్లిన ముడి. షేక్స్పియరు ‘రోమియో జూలియటు’ నాటకములో దానిని తలచెను. దయ్యముల పనియైనను, దేవుని పనియైనను, లోపలి రోగపు పనియైనను, ఫలితము ఒక్కటే: దువ్వెన తాకరాదు.

ఈ చిక్కును విడదీసినవాడు యోజెఫ్ డీట్లు. క్రాకో నగరపు వైద్యాచార్యుడు. 1866 నుండి ఆ నగరాధ్యక్షుడు. 19వ శతాబ్ది మధ్యమున ఆయన జడలవారిని లెక్కించి, పరీక్షించి, ఇది ప్రత్యేకమైన వ్యాధి కాదనియు, దువ్వక, కడుగక, మూఢభయముచే విడిచిపెట్టిన వెండ్రుకల దురవస్థ మాత్రమే యనియు ప్రకటించెను. జడపై పన్ను వేయబోవుచున్నారను వదంతి వ్యాపింపగా, వైద్యుని వాదమునకు లొంగనివారు పన్నునకు జంకి కత్తెర పట్టిరట! క్రాకోలోని వైద్యచరిత్ర ప్రదర్శనశాలలో మీటరున్నర పొడవుగల అట్టి జడ యొకటి నేటికిని భద్రముగా నున్నది. దానికి పోలిషు భాషలో పేరు ‘కొల్తున్’. ఆ మాటకు క్రమముగా మరియొక యర్థము వచ్చినది: ఇరుకు మనస్సుగల మూఢుడు. 1906లో జపోల్‌స్కా యను రచయిత్రి గృహస్థుల కపటనీతిని వెక్కిరించుచు వ్రాసిన ‘శ్రీమతి దుల్‌స్కా నీతి’ యను నాటకమునకు ఈ మాటనుండి పుట్టిన ఉపశీర్షికనే పెట్టెను. తలపైని చిక్కునకు పెట్టిన పేరు తలలోని చిక్కునకు చెల్లినది.

మరి వెండ్రుకలు ఏల జడకట్టును? ఒక్కొక్క వెండ్రుకపై చేపపొలుసువంటి సూక్ష్మమైన పొలుసులుండును. తడియు, రాపిడియు కలిసినపుడు ఆ పొలుసులు ఒకదానినొకటి పట్టుకొని విడువవు. గొఱ్ఱెబొచ్చును తడిపి నలిపిన గట్టి దుప్పటియగుట ఇందుచేతనే. దీర్ఘరోగముతో మంచమున పడినవారికి, పేలు పడినవారికి, మనోవ్యాకులతచే తల దువ్వుకొననివారికి ఇట్లు జరుగును. ఒక్కొక్కప్పుడు తలంటుకొను సమయమున వెండ్రుకలను గుండ్రముగా రుద్దుటచే ఒక్క పూటలోనే జడకట్టుటయు కలదు. ఆ హఠాత్తు చేతనే దైవకార్యమను భ్రమ కలుగును.

మన భాషలో దీనిపేరు జట, తద్భవము జడ. ఎంత విచిత్రమైన పదమిది! శివుని తలపై గంగను బంధించినది జటాజూటము. మఱ్ఱియూడలను మనవారు జడలనిరి. హిమాలయమున పెరుగు జటామాంసి వేరు చుట్టును చిక్కువడిన నారలుండుటచే దానికాపేరు. తలచిక్కు పేరుగల ఆ వేరునే మనము తలనూనెలలో కాచుకొందుము! వేదపాఠకులు రెండు పదములను ముందుకు, వెనుకకు, తిరిగి ముందుకు అల్లి పలుకు పద్ధతికి జటాపాఠమని పేరు. అక్షరమైనను జారిపోకుండుటకై కట్టిన కట్టు అది. ఇక కూచిపూడి భామాకలాపమున సత్యభామ జడ ఆమె సౌందర్యగర్వమునకు పతాక. పెండ్లినాడు ఆడపిల్లకు వేయు పూలజడ మన యింటి సంబరము. ప్రేమతో అల్లినదియు జడయే, పట్టింపులేక పేనుకొనినదియు జడయే. ఈ రెండిటి నడుమ నున్నది ఒక్క దువ్వెన, దానిని పట్టిన చేయి.

ఆ చేయి వెనుకకు తీయబడిన చోట మన చరిత్రలో ఒక చీకటి అధ్యాయము కలదు. దక్కను సీమలో, తెలంగాణమునందును, కర్ణాటక మహారాష్ట్రములందును, ఆడపిల్ల తల జడకట్టినచో అది ఎల్లమ్మతల్లి పిలుపని నమ్మెడివారు. కత్తిరించిన తల్లికి కోపమని దానికి పసుపుకుంకుమలు పూసి పెంచెడివారు. అంతటితో పోయిన బాగుండెడిది. ఆ గుర్తునే కారణముగా చూపి, పేద కుటుంబముల, అందును దళిత కుటుంబముల పిల్లలను జోగినులుగా సమర్పించుటయు జరిగినది. దేవతపేర పెండ్లియైన ఆ పిల్లకు మానవుని యింట ఇల్లాలిస్థానము లేదు. ఊరిలో పెద్దల వాంఛలకు మాత్రము లోబడవలెను. తలబరువు, మెడనొప్పి, పేలు, దురద, దుర్గంధము ఇవి శరీరబాధలు. జీవితమే చిక్కుపడుట వానికి మించినది.

ఈ దురాచారముపై కర్ణాటకము 1982లోను, ఆంధ్రప్రదేశము 1988లోను శాసనములు చేసినవి. కాని శాసనము పుస్తకములోనిది, ముడి తలలోనిది. గుఱ్ఱం జాషువా కవి కుమార్తె హేమలతా లవణం నిజామాబాదు జిల్లా పల్లెలలో జోగినుల నడుమ పనిచేసి, వారికి చదువును, వృత్తిని, గౌరవజీవనమును సమకూర్చుటకు పాటుపడినది. మహారాష్ట్రమున 1989లో వైద్యుడు నరేంద్ర దభోల్కరు స్థాపించిన అంధవిశ్వాస నిర్మూలన సమితి కార్యకర్తలు, స్త్రీలను ఒప్పించి, వారి సమ్మతితో జడలు తొలగించు కార్యమును ఒక ఉద్యమముగా సాగించిరి. మూఢవిశ్వాసములపై పోరాడిన దభోల్కరు 2013 ఆగస్టు 20వ తేదీన పుణెలో తుపాకిగుండ్లకు బలియయ్యెను.

ఇచట ఒక సంగతి న్యాయముగా చెప్పవలెను. సర్వము విడిచిన సన్న్యాసి తన యిష్టముచే జటలు ధరించుటను నేను నిందింపను. ఆయన ఎరిగి కోరినది అది. ఎనిమిదేండ్ల పిల్ల కోరలేదు. ఆమె తలలో జ్వరము మిగిల్చిన ముడికి ఇతరులు పేరు పెట్టిరి. పోలండున ఆ పేరు రోగము, మనయొద్ద దైవము. ఒకచోట వైద్యుని లాటినును, ఒకచోట పూజారి మాటయు కావలి కూర్చున్నవి. ఉభయత్రా ఆ స్త్రీ తన తలపై తన చేయి వేసికొనుటకు వీలు లేకపోయినది. కంటిలోని మడత, గొంతులోని మడత శరీరము తనకై తాను కట్టుకొనినవి, వానిని కాపాడవలెను. వెండ్రుకల చిక్కు శరీరావయవము కాదు, దానిని విప్పవలెను. లాటిను ఈ రెండిటిని ఒకే పదమున మడచుటచే, విప్పవలసినది అవయవమంత పూజ్యమై కూర్చున్నది. మన భాష వళియనియు, జటయనియు వేరుగానే యుంచినది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి మొదలుగా ఎందరో పారిభాషిక పదములను కూర్చిరి. ఇకముందు కూర్చువారును ఈ భేదమును పాటింతురుగాక. వ్యాధికి, దేవతకు సంబంధములేని చోట ఉట్టి ‘చిక్కు’ అని చెప్పుటకును సిగ్గుపడనక్కరలేదు.

ఆవపల్లి పిల్ల సంగతి చెప్పి ముగింతును. మరునాడు అవ్వ తిరిగి వచ్చినది; దగ్గు తగ్గలేదట. వైద్యుడు ఈసారి కత్తెర మాట ఎత్తలేదు. “అవ్వా, జ్వరంలో పడుకొని ఉన్నప్పుడు దీని తల ఎవరు దువ్వారు?” అని అడిగెను. “ఎవరు దువ్వుతారయ్యా, వాళ్లమ్మ కూలికి పోయె. నాకు చూపు ఆనదు” అని ఆమె కన్నీరు పెట్టుకొనినది. “అయితే ఇది కీడూ కాదు, మేలూ కాదు. దువ్వక పడిన చిక్కు. కొయ్యొద్దు. నూనె రాసి కొసనుంచి కొంచెం కొంచెంగా విప్పుదాం. నువ్వే విప్పు” అనెను. శిబిరపు నర్సు గిన్నెలో కొబ్బరినూనె తెచ్చి ప్రక్కన కూర్చున్నది. అవ్వ మొదట వ్రేలు తాకించి, దండము పెట్టుకొని, పిదప కొసనుండి ఒక్కొక్క పాయను లాగ నారంభించినది. నర్సు దువ్వెనపంటితో సాయపడినది. సాయంకాలమునకు సగము వదలినది. గట్టిపడి విడిపోని మొదటిభాగమును అవ్వయే కత్తెర అడిగి తీసికొని కత్తిరించినది.

మా బండి బయలుదేరు వేళ ఆ పిల్ల వాకిట నిలిచియున్నది. ఒకవైపు పొట్టిగా, ఒకవైపు పొడవుగా ఉన్న వెండ్రుకలను అవ్వ ఎట్లో కూడదీసి, నూనెతో నున్నగా దువ్వి, జడ అల్లినది. నా లెక్కలపుస్తకములో ఆనాడు ఖర్చైన మందుల పట్టిక చివర, కొబ్బరినూనె ఒక సీసా అని వ్రాసికొంటిని.